ఉదయం బస్సు ఆగిందా? ముందు ఒక నోటు పుస్తకం కొనండి

బెంగళూరులో మారతహళ్లి దగ్గర మీ లేఅవుట్ నుంచి ఏడున్నర బస్సు ఆపేశారనీ, కార్పొరేటర్ ఎవరో తెలియదనీ, ఎమ్మెల్యే ఆఫీసులో మూడుసార్లు "చూద్దాం" అన్నారనీ రాశారు. ఆ "చూద్దాం" మాకూ కంఠతా వచ్చు.

కార్పొరేటర్ కోసం వెతకకండి. నగర బస్సులు రాష్ట్ర రవాణా శాఖ కిందివి. పైగా పాత పాలికె (నగరపాలక సంస్థ) సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు.

మాకు పనికొచ్చింది ఒక నోటు పుస్తకం. స్టాపు పక్కన పూలమ్మే ఆవిడ దగ్గర, పెన్నుకు దారం కట్టి పెట్టాం. నిలబడినవారల్లా తేదీ, రూటు నంబరు, బస్సు వచ్చిన సమయం రాశారు; రాకపోతే అడ్డగీత. రెండు వారాలకు పుస్తకం నిండా గీతలే! ఆ పేజీల జిరాక్సులతో డిపో మేనేజరుకు కన్నడలో అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. "ఎందుకు ఆపారు" అనకండి, కథలు చెబుతారు. మూడు నెలల్లో ఆ రూటుకు వేసిన ట్రిప్పులెన్ని, నడిచినవెన్ని అని అడగండి. కర్ణాటకలో ఒక దరఖాస్తుకు ఒకే విషయం, 150 పదాలే, కోపానికి చోటుండదు.

ఆ అంకెలు పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లండి. మాకు పాత బస్సు రాలేదు కానీ, ఎనిమిదింబావుకు ఒకటి వేశారు. కన్నడ అర్జీ నమూనా కావాలంటే చెప్పండి, పెడతాను.