టీటీ సైకిల్ మీద ఒంటరిగా నాలుగు గంటల రైడు: శ్రీకాకుళం హైవే మీద కుదురుతుందా?

ఈత, సైకిల్, పరుగు కలిసిన గోవా ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ కోసం టీటీ సైకిల్ (వంగి తొక్కే టైమ్ ట్రయల్ సైకిల్) కొన్నానన్నారు. శ్రీకాకుళం నుంచి ఒంటరిగా నాలుగు గంటలు తొక్కడం మంచిదా, గ్రూపుతో వెళ్లడం మేలా అని మీ ప్రశ్న. నేను ఒంటరిగానే తొక్కుతాను, మీకూ అదే చెబుతాను. ఆ పోటీలో సైకిల్ తొక్కే 90 కిలోమీటర్లూ ముందువాళ్ల చాటున తొక్కనివ్వరు, గాలిని మీరే ఎదుర్కోవాలి. గ్రూపులో ముందువాళ్ల చక్రం వెనకే అంటిపెట్టుకుని ఎంత దూరం వెళ్లినా ఆ అలవాటు రాదు. పైగా ఏరో బార్ల మీద (మోచేతులు ఆనించి వంగడానికి ముందుకి పొడుచుకొచ్చిన కడ్డీలు) చేతులుంటే బ్రేకు అందదు. గుంపులో అది పక్కవాళ్లకి ప్రమాదం.

ముందు గాలి సంగతి. మన దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి తీరం వెంబడే నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది. గాలి కూడా ఏడాదిలో ఎక్కువ కాలం ఆ గీత మీదే వీస్తుంది: వేసవిలో, వానాకాలంలో నైరుతి నుంచి, చలికాలంలో ఈశాన్యం నుంచి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నేను ముందు రణస్థలం, భోగాపురం వైపు వెళ్తాను. తెల్లవారుజామున గాలి నెమ్మదిగా ఉంటుంది, ఎండెక్కాక బలపడిన గాలి తిరుగుదారిలో వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో నరసన్నపేట మీదుగా టెక్కలి వైపు. వెళ్లి వస్తే దాదాపు 100 కిలోమీటర్లు. ఎదురుగాలిలో స్పీడు చూసుకుని కంగారు పడకండి. గాలిని కోయడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో (వేగాన్ని మూడుసార్లు వేసి గుణించినంతగా) పెరుగుతుంది, అంటే గంటకి 30 కిలోమీటర్ల వేగాన్ని 33 చెయ్యాలంటే మూడోవంతు ఎక్కువ పెట్టాలి. తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటరు లేకపోతే గుండె వేగమే చూడండి, మాట్లాడగలిగే శ్రమ దాటొద్దు.

అసలు కష్టం కాళ్లది కాదు, మెడది. టీటీ సైకిల్‌లో సీటు ముందుకి ఉంటుంది, ఒంటి బరువు మోచేతుల మీదికి వస్తుంది, తల ఎత్తే ఉంచాలి. గంట దాటాక నాకు మెడ వెనక కండరాలు కొయ్యబారిపోయేవి. పది నిమిషాలు వంగి, రెండు నిమిషాలు లేచి తొక్కడంతో మొదలుపెట్టి, వారం వారం వంగే సమయం పెంచుకుంటూ పోయాను. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) ఉంటే ఈ సాధన దాని మీదే చెయ్యండి. కూర్చున్నచోట తిమ్మిరెక్కుతుంటే ఓర్చుకోవద్దు, ముందు చీలిక ఉన్న సీటుకి మారండి.

రోడ్డు మీద మాత్రం బార్ల మీదికి ఎప్పుడు వంగాలో ముందే నిర్ణయించుకోండి. గంటకి 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 10 మీటర్లు, చెయ్యి బ్రేకు మీదికి వచ్చేలోపే అంత దూరం పోతుంది. కోతల కాలంలో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు. మార్జిన్‌లో ఎదురుగా బైకులొస్తాయి. ఊరు కనబడగానే, జంక్షన్ రాగానే, గేదెలో కుక్కలో కనబడగానే చేతులు బ్రేకుల మీదికి రావాల్సిందే. నాగావళి, వంశధార వంతెనల మీద కూడా అంతే: అతుకుల దగ్గర కుదుపు, పక్కగాలి, లారీ దాటినప్పుడు తోపు. చువ్వలు కనబడకుండా పళ్లెంలా మూసి ఉండే డిస్క్ చక్రం ప్రాక్టీసుకి వద్దు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి, ఇంట్లోవాళ్ల ఫోనులో మీ లైవ్ లొకేషన్ ఉండాలి.

తిండి విషయంలో చాలామంది ఓఆర్ఎస్ తాగితే చాలనుకుంటారు. అందులో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. ఉప్పు అందుతుంది గానీ, గంటకి 60 గ్రాముల పిండిపదార్థం ఎక్కడినుంచి వస్తుంది? నేను 750 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, నిమ్మరసం కలుపుతాను, గంటకొకటి. మన ఉక్కపోతలో దాంతోపాటు మంచినీళ్లు కూడా కావాలి. మధ్యలో అరటిపండు, ఖర్జూరాలు. కొబ్బరిబొండం కోసం ఎక్కడో ఒకచోట ఆగడం నాకిష్టం, ఆ అయిదు నిమిషాల వల్ల శిక్షణేమీ చెడదు. వేసవిలో నాలుగున్నరకే బయల్దేరి తొమ్మిదికల్లా ఇల్లు చేరాలి. ఎండలో ఒళ్లు జలదరించినా, తల తిరిగినా ఆ రోజుకి రైడు ఆపేసి నీడకి వెళ్లిపోండి.

పంక్చర్ సంగతి కూడా చూసుకోండి. మీ ట్యూబుది సన్నటి ప్రెస్టా వాల్వు, దారిలో గాలి కొట్టే షాపుల పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు, చేతిపంపు, రెండు ట్యూబులు పెట్టుకోండి. రిమ్ము లోతైనదైతే ట్యూబు వాల్వు అంతకంటే పొడవుండాలి. కొనేముందు కొలిచి చూసుకోండి.