బరువైన ఫ్లై కట్టినా స్వింగ్‌లో లోతుకు దిగడం లేదు, ఏం మార్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: నదిలో ఫ్లై ఫిషింగ్, అంటే గాలానికి వెంట్రుకలూ ఈకలూ కట్టి చేసిన ‘ఫ్లై’ అనే ఎరతో చేపలు పట్టడం. రెండు చేతుల రాడ్, స్కాజిట్ హెడ్ (విసరడానికి బరువిచ్చే లావుపాటి లైన్ భాగం), దాని ముందు 10 అడుగుల టీ-11 సింక్ టిప్ (నీటిలో మునిగే లైన్ కొన), చివర డంబెల్ ఆకారపు లోహపు కళ్ళు కట్టిన ఫ్లై. నీళ్ళు నాలుగు అడుగుల లోతు, మనిషి నడిచే వేగంతో పారుతున్నాయి. అయినా స్వింగ్ (ఫ్లై ప్రవాహానికి అడ్డంగా మీ ఒడ్డు వైపు తిరిగి రావడం) మొదలైనప్పటి నుంచి ఒడ్డుకు చేరేదాకా ఒక్క రాయి కూడా తగలడం లేదు. ఇంకా బరువైన టిప్ టీ-14కి మారాలా, లేక ఇంకా బరువైన కళ్ళు కట్టాలా అని అడిగారు.

ఇప్పటికి రెండూ వద్దు. మీ దగ్గరున్న బరువు ఆ లోతుకు సరిపోతుంది. లైన్‌లో ఉన్న టెన్షన్, అంటే బిగువు, దాన్ని దిగనివ్వడం లేదు.

నేనూ రెండు చలికాలాలు సరిగ్గా మీలాగే గడిపాను. ఇత్తడి పూస పోయి సీసం కళ్ళు వచ్చాయి, సీసం పోయి టంగ్‌స్టన్ వచ్చింది. బరువు పెరిగిన కొద్దీ క్యాస్ట్ (లైన్ విసరడం) పాడవుతూ వచ్చింది, లోతు మాత్రం పెరగలేదు. ఒక సాయంత్రం వేళ్ళు కొంకర్లు పోయి క్యాస్ట్ తప్పింది. లైన్ సాగకుండా పదిహేను గజాల దూరంలో చుట్టలు చుట్టలుగా పడింది. వెంటనే ఎత్తే ఓపిక లేక అలాగే నిలబడ్డాను. కాసేపటికి రాడ్ ఎత్తితే రాలేదు. ఫ్లై అడుగున రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. పొద్దుటి నుంచి అవే నీళ్ళు, అదే టిప్, అదే ఫ్లై. మారింది ఒక్కటే, ఆ కొద్ది సెకన్లు లైన్ వదులుగా ఉంది.

గాలిపటాన్ని తలచుకోండి. దారం బిగిస్తే గాలి దాన్ని పైకి లేపుతుంది, దారం వదిలితే వాలుతుంది. ప్రవాహానికి అడ్డంగా బిగిసిన లైన్ మీద ఫ్లై కూడా అంతే. పైగా నదిలో పై నీరు వేగంగా, అడుగు నీరు నెమ్మదిగా పారుతుంది. లావుగా ఉండే హెడ్ తేలేది ఆ వేగంగా పోయే నీటిలోనే. అది విల్లులా వంగి ముందుకు పోతూ, వెనకున్న టిప్‌నీ ఫ్లైనీ లాక్కుపోతుంది. చివర ఎంత బరువు కట్టినా ఆ లాగుడు ముందు చాలదు.

ఒక చిన్న లెక్క చూడండి. టీ-11 అంటే అడుగుకు 11 గ్రెయిన్ల బరువు (గ్రెయిన్ ఒక చిన్న తూకం). తయారీని బట్టి కొంత మారుతుంది గానీ నిలిచిన నీటిలో అది సెకనుకు సుమారు 7 అంగుళాలు దిగుతుంది. నాలుగు అడుగులంటే 48 అంగుళాలు, అంటే దాదాపు 7 సెకన్లు. నీరు సెకనుకు 3 అడుగులు పోతుంటే ఆ 7 సెకన్లలో మీ ఫ్లై 21 అడుగులు దిగువకు కొట్టుకుపోతుంది. చేప ఉందనుకున్న చోటుకు కనీసం 20 అడుగుల ఎగువన అది పడాలి, ఆ ఏడు సెకన్లూ లైన్ బిగియకూడదు. మామూలు క్యాస్ట్‌లో రెండో సెకనుకే బిగుస్తుంది. అప్పటికి దిగింది 14 అంగుళాలు, ఇక అక్కడి నుంచి పైకే. టీ-14కి మారితే ఎనిమిదో తొమ్మిదో అంగుళాల వేగం వస్తుంది. అంటే మీరు ఆదా చేసేది ఒక సెకను. మంచి మెండ్ (నీటి మీద పడ్డ లైన్‌ను రాడ్‌తో ఎత్తి ఎగువకు జరపడం) ఒక్కటి నాలుగైదు సెకన్లు ఇస్తుంది.

అందుకని ముందు క్యాస్ట్ కోణం మార్చండి. దిగువకు 45 డిగ్రీల కోణంలో వేసే అలవాటు చాలామందికి ఉంటుంది. పైపైన ఈదే ఫ్లైకి అది బాగానే ఉంటుంది. లోతు కావాలంటే నేరుగా అడ్డంగా, వీలైతే కాస్త ఎగువకు వేయాలి. దూరం కూడా తగ్గించండి. నేను 80 అడుగుల క్యాస్ట్ మానేసి 50కి వచ్చాక లైన్ నా మాట వినడం మొదలుపెట్టింది. పొడవాటి లైన్ నాలుగైదు రకాల వేగాల మీద పడుతుంది, అన్నిటినీ ఒకేసారి సర్దడం ఎవరి వల్లా కాదు.

లైన్ నీళ్ళ మీద పడగానే ఎగువకు పెద్ద మెండ్ చేయాలి. నేను ఎక్కువ కాలం తప్పు చేసింది ఇక్కడే. హెడ్‌ను మాత్రమే ఎగువకు తిప్పి, మెండ్ అయిపోయిందనుకునేవాణ్ణి. టిప్ మాత్రం అడ్డంగానే ఉండిపోయేది. టిప్ ఇంకా నీటి పై పొరలో ఉండగానే రాడ్‌ను బాగా పైకెత్తి, హెడ్‌తో పాటు టిప్‌ను కూడా జరిపి, ఫ్లైకి ఎగువన తిన్నగా ఒక గీతలో పెట్టాలి. ఇది మొదటి సెకనులోనే జరిగిపోవాలి. టిప్ మునిగాక మెండ్ చేస్తే దిగుతున్న ఫ్లైని మీరే పైకి లాగినట్టవుతుంది.

ఆ వెంటనే దిగువకు రెండు అంగలు వేయండి. చాలామంది ముందు నడిచి తర్వాత క్యాస్ట్ చేస్తారు. నేను క్యాస్ట్ చేసి, మెండ్ చేసి, అప్పుడు నడుస్తాను. రాడ్ కొన లైన్ వెంటే పోతుంది, మీరూ దాని వెంట పోతారు, లైన్ వదులుగానే ఉంటుంది. నోట్లో ఏడు దాకా లెక్కపెట్టండి. లైన్ మీద చూపు పెట్టి నడవాలి కాబట్టి కాళ్ళ కింద ఏముందో ముందే చూసుకోండి. జారుడు రాళ్ళున్న చోట నేను నడవను, నిలబడే చేతిలో పట్టుకున్న చుట్ట లైన్‌ను కొద్దికొద్దిగా వదులుతాను. రెండూ ఒకే పని చేస్తాయి.

ఏడు అయ్యాక రాడ్ కొన నీటికి దగ్గరగా దించి ఆగండి. లైన్ మెల్లగా బరువెక్కుతుంది, బావిలో చేద నిండుతున్నప్పుడు తాడు బరువెక్కినట్టు. అది ఒక్కసారిగా ఝటక్కున బిగుసుకుంటే ఎక్కడో వంపు మిగిలిందని అర్థం. స్వింగ్ సాగుతున్నప్పుడు రాడ్‌ను మీ ఒడ్డు వైపు లాగకండి. అవతలి వైపు కాస్త చాచి పట్టుకుంటే వంపు తక్కువగా ఉంటుంది, ఫ్లై నిదానంగా, లోతుగా తిరుగుతుంది. చివర్లో ఒడ్డు పక్క నెమ్మది నీటిలోకి వచ్చాక మాత్రం రాడ్‌ను లోపలికి తెచ్చి కాస్త వేగం ఇవ్వండి, లేకపోతే బరువైన ఫ్లై అక్కడ రాళ్ళలో కూర్చుంటుంది.

లీడర్ (టిప్‌కూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం) సంగతి చెప్పాలి. సింక్ టిప్‌కు మూడు నాలుగు అడుగులు చాలు. ఒకసారి 9 అడుగుల లీడర్ కట్టి చూశాను, టిప్ కిందికి పోయింది, ఫ్లై దానికి పైన తేలింది. మీది బరువైన ఫ్లై కాబట్టి అంత తేడా రాకపోవచ్చు, అయినా పొట్టిదే మంచిది.

ఫ్లై తయారీలో మాత్రం చాలామంది ఒక విషయం పట్టించుకోరు. టంగ్‌స్టన్ సాంద్రత 19.3, సీసానిది 11.3, ఇత్తడిది ఎనిమిదిన్నర దగ్గర. అయితే ఆ లోహం చుట్టూ ఎంత వెంట్రుక కట్టారన్నదీ అంతే ముఖ్యం. ఒకరోజు నా ఫ్లైలు అన్నీ తడిపి, ఒక లోతైన బకెట్‌లో రెండేసి చొప్పున వదిలి చూశాను. సీసం కళ్ళు కట్టి, జింక వెంట్రుకతో గుబురుగా చేసిన ఫ్లై తీరిగ్గా దిగింది. ఇత్తడి పూస, రెండు చుట్ల మరబూ (మెత్తటి ఈక) మాత్రమే ఉన్న సన్నటిది దానికంటే ముందే అడుగు తాకింది. ఆ రోజు నుంచి నా ఫ్లైలన్నీ పలచబడ్డాయి. కుందేలు చర్మం పట్టీతో చేసినవి బాగా నానితేనే దిగుతాయి. మొదటి క్యాస్ట్‌కు ముందు ఫ్లైని నీళ్ళలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా వేళ్ళతో పిండండి. పొడిగా వేసిన మొదటి మూడు నాలుగు క్యాస్ట్‌లు దండగ.

ఇవన్నీ చేసి, ఏడు లెక్కపెట్టి, అప్పటికీ అడుగు తగలకపోతే టీ-14 కట్టండి. నీరు ఇంకా లోతుగా, ఇంకా జోరుగా ఉన్న చోట అది నిజంగానే కావాలి. అలాంటప్పుడు హెడ్ కూడా దాన్ని మోయగలగాలి. స్కాజిట్ హెడ్లకు ఆ పేరు వచ్చింది వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ నది నుంచి. బరువైన టిప్పులూ పెద్ద ఫ్లైలూ నీటిలోంచి ఎత్తి విసరడానికే అవి అంత పొట్టిగా, లావుగా ఉంటాయి. తేలికపాటి హెడ్ మీద టీ-14 వేస్తే అది గాలిలో తిన్నగా సాగదు, ఫ్లై మీ చెవి పక్కనుంచి పోతుంది. కళ్ళద్దాలు, టోపీ లేకుండా బరువైన ఫ్లై ఎప్పుడూ వేయకండి.

ఇంకొక మాట. ప్రతి స్వింగ్‌లో రాయి తగలాలని పట్టుబట్టకండి. స్టీల్‌హెడ్, సాల్మన్ చేపలు రెండూ ఫ్లై కోసం పైకి లేస్తాయి, ఎదురుగానూ తమకు పైనా ఉన్నదాన్ని బాగా చూస్తాయి. చేప కంటే అడుగో అడుగున్నరో పైన పోతున్న ఫ్లై మంచి చోటే ఉన్నట్టు. అస్తమానం రాళ్ళు గీరుకుంటుంటే మీ ఫ్లై చేప కంటే కింద పోతోందేమో చూసుకోండి. నీరు బాగా చల్లబడ్డప్పుడు మాత్రం అవి కదలడానికి ఇష్టపడవు, అప్పుడు ఇంకాస్త కిందికి పంపడం న్యాయమే. నా లెక్కలో నాలుగైదు క్యాస్ట్‌లకు ఒకసారి, అదీ స్వింగ్ నెమ్మదించే చోట తగిలితే సరైన లోతులో ఉన్నట్టు.

అలా తగిలిన ప్రతిసారీ గాలం కొనను బొటనవేలి గోరు మీద పెట్టి మెల్లగా లాగి చూడండి. గీత పడి ఆగితే పదును ఉన్నట్టు. జారిపోతే అక్కడే ఆకురాయితో రెండుసార్లు రాసి, అప్పుడు మళ్ళీ క్యాస్ట్ చేయండి.