స్టెనో పరీక్షలో డిక్టేషన్ అంటే ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి సీఈసీతో ఇంటర్ పాసైంది. స్టెనోగ్రాఫర్ ఉద్యోగాలకు డిక్టేషన్ పరీక్ష ఉంటుందట. బడిలో రాయించే డిక్టేషన్ లాంటిదేనా? ఫోన్‌లో మాట్లాడితేనే టైపైపోతున్న ఈ రోజుల్లో షార్ట్‌హ్యాండ్ నేర్పించడం దండగ కాదా?
- ఒక తండ్రి, జనగామ

జవాబు: బడి డిక్టేషన్‌లో చూసేది స్పెల్లింగ్. ఇక్కడ సంగతి వేరు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనో ఉద్యోగాలకు ఇంటర్ చాలు. రాతపరీక్ష గట్టెక్కాక స్కిల్ టెస్టులో 10 నిమిషాలు డిక్టేషన్ చదువుతారు. వింటూ రాసుకుని, తర్వాత దాన్ని కంప్యూటర్‌లో టైపు చేయాలి. గ్రేడ్-డి పోస్టుకు నిమిషానికి 80 పదాలు, గ్రేడ్-సి పోస్టుకు 100. మామూలు రాతతో ఆ వేగం అందుకోలేం కాబట్టే షార్ట్‌హ్యాండ్, అంటే అక్షరాలకు బదులు శబ్దాలను గీతలతో రాసే పద్ధతి. పిట్‌మన్ పద్ధతిలో ‘ప’ శబ్దానికి సన్నగీత, ‘బ’కు అదే గీత ఒత్తి గీస్తారు. అచ్చులు చాలావరకు వదిలేస్తారు. తొందరలో ఒత్తు తప్పిందా, ఏం రాశామో మనకే అర్థం కాదు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గ్రేడ్-డిలో ఇంగ్లిష్ డిక్టేషన్ 800 పదాలను కంప్యూటర్‌లో ఎక్కించడానికి 50 నిమిషాలు ఇస్తారు. అంటే నిమిషానికి 16 పదాలు. టైపింగ్ వచ్చినవాళ్లకు ఇది లెక్కే కాదు. టైమంతా తినేసేది సొంత గీతల్ని చదువుకోవడం. అందుకే స్పీడు స్పీడని పరుగెత్తవద్దని అమ్మాయికి చెప్పండి. ఏ రోజు డిక్టేషన్ ఆ రోజే పూర్తిగా టైపు చేయాలి, తప్పులు గుర్తుపెట్టాలి, తప్పిన గీతను పేజీ నిండా మళ్లీ రాయాలి.

ఫోన్ గురించి మీ అనుమానం సబబే. మామూలు ఉత్తరాలకు స్టెనో అవసరం తగ్గింది. కానీ కోర్టులో జడ్జి గారు ఆర్డరు చెబుతూ మధ్యలో ఆగి ‘ఆ వాక్యం తీసేయండి’ అంటారు, సెక్షన్ నంబరు మారుస్తారు, వకీలు ఏదో గుర్తుచేస్తారు. ఇందులో ఏది ఆర్డరు, ఏది కాదు అని తేల్చుకుని రాయడానికి ఇప్పటికీ మనిషి కావాలి. అయితే ఈ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, డిగ్రీ కూడా చదివించండి.

ఇంకో మాట. కమిషన్ స్కిల్ టెస్టు ఇంగ్లిష్‌లోగానీ హిందీలోగానీ రాయాలి, తెలుగు షార్ట్‌హ్యాండ్ అక్కడ పనికిరాదు. అమ్మాయి ఇంగ్లిష్ వీక్ అయితే ముందు దాని పని పట్టండి. మాట తెలియకపోతే గీత ఎంత బాగున్నా చదవలేదు.

చేర్పించే ముందు ఇన్‌స్టిట్యూట్‌కు ఇద్దరూ వెళ్లి, అక్కడి విద్యార్థుల నోట్‌బుక్ ఒకటి చూపించమనండి. డిక్టేషన్‌తో పాటు టైపు చేసిన పేజీ, దాని మీద మాస్టారు దిద్దిన గుర్తులు కనిపిస్తే చేర్పించండి. లేకపోతే ఇంకో చోటు చూసుకోండి.