304 స్టీలుకీ 316 స్టీలుకీ తేడా ఏమిటి?
సముద్రం దగ్గర బాల్కనీ రెయిలింగ్‌కి 316 ఎందుకు వాడమంటారని అడిగారు. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలు రకాలే, ముఖ్యమైన తేడా మాలిబ్డినం అనే లోహం దగ్గరే. రెండింటిలోనూ క్రోమియం 16 శాతం పైనే ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పొరగా ఏర్పడుతుంది, గీత పడినా మళ్లీ తనే పూడ్చుకుంటుంది. అయితే ఉప్పుగాలిలోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా తొలిచి చిన్న గుంటలు చేస్తుంది. 316లో కలిపే 2 నుంచి 3 శాతం మాలిబ్డినం దీన్ని బాగా అడ్డుకుంటుంది. అలాగని తుప్పే పట్టదనుకోకండి, విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాల్సిందే. వెల్డింగ్ ఎక్కువుంటే కార్బన్ తక్కువుండే 316ఎల్ తీసుకోండి. పడవల సామాను, మందుల ఫ్యాక్టరీల ట్యాంకులకూ ఇదే వాడతారు. వంటగిన్నెలకు మాత్రం 304 చాలు, 316 డబ్బు దండగ. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూస్తే ఏది ఏదో తేలదు, టెస్ట్ సర్టిఫికెట్ అడగండి.