12 వేలు వచ్చాయట, ఆర్డర్లు మాత్రం 41

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతాం, అమెరికాకు కూడా పంపుతాం. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ చదివి, ఏడాదిగా మా వెబ్‌సైట్ తనే చూసుకుంటోంది. పోయిన నెల సైటుకు 12 వేలు వచ్చాయంటుంది. ఆర్డర్లు చూస్తే 41. ఈ లెక్కలు చూడటమే ఉద్యోగంగా చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ మూడు నెలల కోర్సుకు 60 వేలు అడుగుతోంది. కట్టమంటారా?

జవాబు: ఫీజు ఒక నెల ఆపండి.

12 వేలు వచ్చాయన్నారు గానీ, ఏవి వచ్చాయో రాయలేదు. మీ అమ్మాయి చేస్తానంటున్న ఉద్యోగంలో సగం పని ఆ ప్రశ్న అడగడమే. హోస్టింగ్ వాళ్ళిచ్చే పేజీలో 'హిట్స్' చూసి చెప్పిందా? సర్వర్ నుంచి తెచ్చుకునే ప్రతి ఫైలూ ఒక హిట్టే. మీ ఆవకాయ పేజీలో 20 ఫొటోలుంటే, ఒక్క మనిషి మొదటిసారి తెరవగానే 21 హిట్లు. సెర్చ్ ఇంజిన్ల బాట్లు (మనిషి లేకుండా వాటంతటవే పేజీలు తెరిచే ప్రోగ్రాములు) వచ్చి తిరిగిపోయినా ఆ ఖాతాలోనే పడతాయి. అలా చూస్తే 12 వేలంటే నెలకు నాలుగైదు వందల మంది కూడా కాకపోవచ్చు. అప్పుడు 41 ఆర్డర్లు బ్రహ్మాండం.

సైటుకు వచ్చినవాళ్ళ లెక్క చూపించే గూగుల్ అనలిటిక్స్‌లో చూసి ఉంటే కథ వేరు. అందులో యూజర్లు (వచ్చినవాళ్ళు), సెషన్లు (వచ్చిన విడతలు), వ్యూస్ (తెరిచిన పేజీలు) మూడూ మూడు రకాల లెక్కలు. డల్లాస్‌లో ఒకాయన ఆఫీసులో ఫోన్ మీద గోంగూర ధర చూస్తాడు. ఎన్ని కేజీలు చెప్పాలో ఇంట్లో అడిగి, గంట తర్వాత మళ్ళీ తెరుస్తాడు. రాత్రి లాప్‌టాప్‌లో ఆర్డర్ పెడతాడు. 30 నిమిషాలు కదలిక లేకపోతే పాత సెషన్ ముగిసినట్టే కాబట్టి ఫోన్‌లోవే రెండు సెషన్లు, లాప్‌టాప్‌ది మూడోది. లాగిన్ లేని సైటులో ఆయన ఇద్దరు యూజర్లు కూడా. కొన్నది మాత్రం ఒక్కసారే.

ఇంకో చిక్కుంది. రిపోర్టు మన టైములో పెట్టుకుంటే, డల్లాస్‌లో ఆదివారం రాత్రి పెట్టిన ఆర్డరు మీకు సోమవారం కింద కనిపిస్తుంది. అది తెలియక "ఆదివారం బేరం లేదు" అనుకుని ఆ రోజు ప్రకటనలు ఆపేస్తే నష్టం మీదే. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి వచ్చినవాళ్ళు చాలాసార్లు 'డైరెక్ట్' కింద పడతారు. అంటే నేరుగా వచ్చారని కాదు, ఎటునుంచి వచ్చారో తెలియలేదని. దానికి మందు, పంపే లింకు చివర యూటీఎం గుర్తులు (ఆ లింకు ఎక్కడ పంపామో చెప్పే మాటలు) తగిలించడం. ఆ పేరులోని 'యూ' అర్చిన్ అనే పాత కంపెనీది. 2005లో గూగుల్ దాన్ని కొనుక్కున్నాకే గూగుల్ అనలిటిక్స్ వచ్చింది.

కోర్సు సంగతి. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళను "బౌన్స్ రేట్ అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. "ఒక్క పేజీ చూసి వెళ్ళిపోయినవాళ్ళ శాతం" అని ఊరుకుంటే వాళ్ళ దగ్గరున్నవి పాత నోట్సు. ఆ అర్థం గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్‌ది, అది 2023 జూలై 1 నుంచి మామూలు ఖాతాలకు లెక్కలు తీసుకోవడం ఆపేసింది. ఇప్పటి వెర్షన్ జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4)లో 10 సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, మీరు ముఖ్యమని గుర్తుపెట్టిన పని (ఆర్డరు లాంటిది) చేసినా అది బౌన్స్ కాదు. రెండో ప్రశ్న: ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష) నేర్పుతారా? నేర్పకపోతే ఆ డబ్బు పచ్చళ్ళ మీద పెట్టుకోండి. రిపోర్టు తెరిచి చూపించడం ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. లక్షల వరుసల డేటాలోంచి కావలసింది తీసేవాళ్ళకే ఉద్యోగం.

ఈ నెలలో చేయాల్సినవన్నీ ఉచితమే. గూగుల్ తన సొంత సరుకుల దుకాణం లెక్కలను డెమో ఖాతాగా అందరికీ తెరిచి ఉంచింది. అదే దుకాణం 2020 నవంబరు నుంచి 2021 జనవరి వరకు డేటా బిగ్‌క్వెరీ అనే గూగుల్ డేటాబేస్ సేవలో ఉంది, ఎస్‌క్యూఎల్ దాని మీద సాధన చేయవచ్చు. తెలుగు వికీపీడియాలో ఏ పేజీని రోజుకు ఎన్నిసార్లు చూశారో 2015 జూలై నుంచి లెక్క దొరుకుతుంది, మనుషుల్నీ బాట్లనూ విడదీసి మరీ. 'ఉగాది' పేజీ ఏ నెలలో ఎలా లేస్తుందో గీసి, కారణం అరపేజీ ఇంగ్లీషులో రాయమనండి. మన పిల్లలు లెక్కలో కంటే ఆ అరపేజీ దగ్గరే ఎక్కువ ఆగిపోతారు.

బీకాం అడ్డేమీ కాదు. ఏజెన్సీల్లో, ఈ-కామర్స్ కంపెనీల్లో డిజిటల్ అనలిస్ట్, మార్కెటింగ్ అనలిస్ట్ పేర్లతో తీసుకుంటారు. మొదట్లో పని విసుగే: ట్యాగులు (లెక్కలు పంపడానికి పేజీలో పెట్టే కోడు ముక్కలు) సరిగ్గా పనిచేస్తున్నాయా చూడటం, నెలవారీ రిపోర్టులు. మీ సైటు ఏడాది నడిపిన అనుభవం రెజ్యూమెలో పైనే రాయమనండి, సర్టిఫికెట్ కంటే అదే ఇంటర్వ్యూలో మాట్లాడిస్తుంది.

ఈ వారమే ఒక పని పెట్టండి. పార్సిళ్ళు రాసుకునే మీ డైరీలో 41 ఉన్నాయి కదా, అనలిటిక్స్‌లో ఆర్డర్లు ఎన్నో పక్కన రాయమనండి. రెండూ కలవకపోవచ్చు. ఫోన్‌లో చెప్పినవెన్ని, డబ్బు కట్టే దగ్గర తప్పిపోయినవెన్ని, రెండుసార్లు పడ్డవెన్ని అని ఒక్కో ఆర్డరూ వెతికి, తేడా ఎక్కడుందో తేల్చి నాకు రాయమనండి. ఫీజు మాట అది చదివాక మాట్లాడుకుందాం.