ఎడారిలో ఆర్వీ సెలవులు: నీళ్ళ ట్యాంకర్ రోజులు గుర్తున్నాయా?

ప్రశ్న: మేమిద్దరం నిరుడు హెచ్‌-1బి, హెచ్‌-4 వీసాల మీద లాస్ ఏంజెలెస్ వచ్చాం. డిసెంబరు ఆఖరి వారం ఆఫీసుకు సెలవు. ఆర్వీ (పడక, వంటగది, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో వారం రోజులు ఉందామని ఆశ. అక్కడ అంతా పెద్దవాళ్ళే ఉంటారంటున్నారు. మమ్మల్ని రానిస్తారా? వంట, చలి, నీళ్ళ సంగతేమిటి అక్కా?

జవాబు: రానిస్తారమ్మా. కాకపోతే ఎక్కడ దిగుతారో ముందు తేల్చుకోండి. యూమా, మెసా వైపు ఈతకొలను, క్లబ్‌హౌస్ ఉన్న ఆర్వీ పార్కులు చాలావాటిల్లో 55 దాటినవాళ్ళకే చోటు. మీకు చోటు లేదంటే మన రంగు చూసి అన్నారని మనసు కష్టపెట్టుకోకండి. అలా వయసు షరతు పెట్టుకోవడానికి చట్టమే ఒప్పుకుంటుంది. క్వార్ట్‌జ్‌సైట్ పక్కన లా పోసాలో ఈ బెడద లేదు. అది ప్రభుత్వ భూమి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు పర్మిట్ కొనుక్కుని ఎవరైనా ఉండొచ్చు. మేం వెళ్ళినప్పుడు వరసగా 14 రోజులకు 40 డాలర్లు. ఇప్పటి ధర బయలుదేరే ముందు చూసుకోండి. ఆ చుట్టుపక్కల 14 రోజులు ఉచితంగా ఉండనిచ్చే స్థలాలూ ఉన్నాయి గానీ, అక్కడ కొళాయి ఉండదు, మురుగు పారబోసే చోటూ ఉండదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ 40 డాలర్ల దగ్గర పీనాసితనం చూపించకండి.

ఇక నీళ్ళు. మీ ఇద్దరిలో ఎవరైనా ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టిన ఇంట్లో పెరిగారా? అయితే సగం చదువు అయిపోయినట్టే. అద్దె ఆర్వీలో మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లుంటే గొప్ప. అంటే 150 లీటర్లు. షవర్ తిప్పి పది నిమిషాలు నిలబడితే అందులో సగం దాకా పోతుంది. బకెట్, చెంబు పట్టుకెళ్ళండి. సిగ్గుపడాల్సిన పని లేదు, అక్కడి పాతకాపులు కూడా ఇంచుమించు అలాగే స్నానం చేస్తారు.

నీళ్ళు అయిపోవడం కన్నా ముందు వచ్చే కష్టం ఇంకొకటుంది. వాడిన నీళ్ళు వెళ్ళే ట్యాంకు నిండిపోవడం. దాన్ని గ్రే ట్యాంక్ అంటారు. మన వంటతో అది మూడు రోజులకే నిండుతుంది. పప్పు గిన్నె, చారు గిన్నె, నూనె మూకుడు అన్నీ అందులోకే కడిగితే నాలుగో రోజుకి బండంతా పులిసిన ఇంగువ వాసన. మాకు సరిగ్గా అదే జరిగింది. తర్వాతి ఏడు ఇండియన్ షాపులో విస్తరాకులు కొనుక్కెళ్ళాం. గిన్నెలు ముందు పేపరుతో తుడిచి, ఆ తర్వాత కడిగాం. చీకట్లో ఎవరు చూస్తారులే అని ఆ నీళ్ళు నేల మీద మాత్రం వదలకండి. లా పోసాలో అది నిషేధం. టాయిలెట్ ట్యాంకు వేరు. దాని విషయంలో చెంబు అలవాటే మనకు మేలు చేస్తుంది. నీళ్ళు తక్కువై కాగితం ఎక్కువైతే అది గట్టిపడి కదలదు. మురుగు వదిలే చోటు, నీళ్ళు పట్టుకునే చోటు లా పోసా సౌత్ అనే భాగంలో ఉన్నాయి, పర్మిట్‌తోనే వాడుకోవచ్చు.

చలి గురించి నవ్వుకుంటున్నారేమో, ఎడారిలో చలేమిటని. డిసెంబరులో పగలు 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. రాత్రి 5కి దిగుతుంది. మేం మొదటి రాత్రి హీటర్ దర్జాగా 24 మీద పెట్టి పడుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి అది ఆగిపోయింది. గ్యాస్ చూస్తే నిండుగా ఉంది. మావారు ఫోన్ లైటు పట్టుకుని అన్ని స్విచ్చులూ నొక్కారు, చివరికి నన్నూ నాలుగు మాటలన్నారు. సంగతేమిటంటే, గ్యాస్ వేడినిస్తుంది, కానీ ఆ వేడిని లోపలికి తోసే ఫ్యాన్ తిరిగేది బ్యాటరీ మీద. ఆ బ్యాటరీ అయిపోయింది. పొద్దున పక్క బండిలోని పెద్దాయన వోల్ట్‌మీటర్ తెచ్చి చూపించాడు: మామూలు లెడ్ బ్యాటరీ 12.6 వోల్టులు ఉంటే నిండినట్టు, 12.1కి వస్తే సగం ఖాళీ. అప్పటి నుంచి రాత్రి 15 మీద పెట్టి, ఇంటి నుంచి రజాయి మోసుకెళ్తున్నాం. జనరేటర్ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా వెయ్యకూడదు కాబట్టి ఛార్జింగ్ సాయంత్రమే ముగించాలి. మీ ఇండక్షన్ స్టవ్‌ని ఆ బ్యాటరీ మొయ్యలేదు, గ్యాస్ మీద కుక్కర్ పెట్టుకోండి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఎంత వణికినా వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం పనిచేస్తోందో లేదో బండి తీసుకునేటప్పుడే నొక్కి చూడండి. పోపు పొగకి స్మోక్ అలారం కూస్తోందని బ్యాటరీ పీకేసినవాళ్ళు నాకు తెలుసు. పీకకండి, కిటికీ తియ్యండి.

అద్దె కాగితం మీద మట్టి రోడ్ల గురించి ఏం రాసుందో చదవండి. లా పోసాలో తారు దిగి కంకర మీదే నడపాలి. ఇద్దరూ నడిపేట్టయితే ఇద్దరి పేర్లూ రాయించండి.

ఇరుగుపొరుగు సంగతి. చలికాలానికి ఉత్తరం నుంచి, కెనడా నుంచి దిగి వచ్చే ఈ పెద్దవాళ్ళని స్నోబర్డ్స్ అంటారు. సాయంత్రం నాలుగింటికి కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. పిలవకుండా ఎలా వెళ్ళాలి అని మనం లోపలే ఉండిపోతాం. మేమూ రెండు రోజులు అలాగే చేశాం. వెళ్ళండి. మీ కుర్చీ మీరే తీసుకెళ్ళాలి, అది అక్కడి పద్ధతి. ఒక డబ్బా జంతికలు పట్టుకెళ్తే ఇంక మాట మీరు కలపక్కర్లేదు. ఎవరి బండికీ మరీ దగ్గరగా మీ బండి ఆపకండి, ఎవరి బండి ముందు నుంచీ అడ్డంగా నడవకండి. ఆ ఖాళీ స్థలం వాళ్ళ వాకిలి అనుకోండి. జనవరిలో పెద్ద ఆర్వీ షో పెడతారు, అప్పుడు ఊరు జాతరే. మీరు వెళ్ళే వారం కాస్త నెమ్మది.

ఊళ్ళో పిరమిడ్ ఆకారంలో ఒక సమాధి, దాని మీద రేకు ఒంటె ఉంటాయి, చూడండి. 1850లలో అమెరికా సైన్యం ఒంటెలతో ప్రయోగం చేసినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీది. పేరు నోరు తిరగక ఇక్కడివాళ్ళు హై జాలీ చేసేశారు. మన వెంకట సుబ్రహ్మణ్యాలు ఆఫీసులో సబ్బు అయినట్టే.

కాగితాలు: అసలు పాస్‌పోర్ట్‌లు, ఐ-94 (దేశంలోకి అడుగుపెట్టినప్పటి రికార్డు) ప్రింట్లు వెంట ఉంచుకోండి. 18 దాటిన పౌరులు కానివాళ్ళు ఐ-94 లాంటి నమోదు ఆధారం దగ్గర పెట్టుకోవాలని చట్టం. యూమా వైపు 95 రోడ్డు మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంది, ఆపి అడుగుతారు. అడిగితే చూపించడమే, టెన్షన్ పడొద్దు.

తిరుగు ప్రయాణంలో పెట్రోలు అరిజోనాలోనే నింపండి, కాలిఫోర్నియాలో ఖరీదు ఎక్కువ. సరిహద్దులోని కొలరాడో నది దాటగానే కాలిఫోర్నియా వైపు బ్లైత్ ఊరి దగ్గర వ్యవసాయ తనిఖీ ఉంటుంది. నిమ్మ తోటలకు తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి పచ్చి రెమ్మలు తీసేసుకోవచ్చు. మిగిలినది ఆఖరి రోజు పోపులో పడేయండి. కాలిఫోర్నియాలోకి రాగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది. ఆ కలిసొచ్చిన గంటని ట్యాంకులు ఖాళీ చేయడానికి ఉంచుకోండి. నిండు ట్యాంకుతో బండి తిరిగిస్తే వేరే వసూలు చేస్తారు.