పాత .315 రైఫిల్ ట్రిగ్గర్ మొరాయిస్తే ముందు చెక్కను చూడండి

తాతగారి కాలం నాటి .315 రైఫిల్ ట్రిగ్గర్ వానాకాలంలో మొరాయిస్తోందని, ఇంట్లో శుభ్రం చేసుకోవడానికి ఏ నూనె మంచిదని ఒకరు అడిగారు. నూనె సంగతికి తర్వాత వస్తాను. చెన్నై వంటి సముద్రపు ఊళ్లో పాత రైఫిల్ ట్రిగ్గర్‌కు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఇనుముకు వచ్చినవి కావని, ఆ ఇనుమును పట్టి ఉంచే రైఫిల్ చెక్కకు వచ్చినవని నా గట్టి నమ్మకం.

పెరంబూరులో ఉండే మా మేనమామ దగ్గర లైసెన్సుతో ఒక .315 ఉంది, ఒకప్పుడు నెల్లూరు వైపు పొలంలో అడవిపందుల బెడద కోసం వాళ్ల నాన్నగారు కొన్నది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చాలు, రెండు దశల్లో కదిలే దాని ట్రిగ్గర్‌లో తేలికైన మొదటి దశ సాగుతూ పోయేది, తూటా పేల్చే రెండో దశ ఎక్కడ మొదలవుతుందో వేలికి తెలిసేది కాదు. ఎండలు ముదిరేసరికి దానంతట అదే సర్దుకునేది. ఒక దుకాణంవారు సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా స్ట్రైకర్‌ను, అంటే తూటాను కొట్టే సూదిని, పట్టి ఉంచే కొక్కెం) అంచును సానరాయితో రుద్ది నునుపు చేస్తామన్నారు. మామయ్య సరేననబోతుండగా, సైన్యంలో ఆర్మరర్‌గా (ఆయుధాలు బాగుచేసే వ్యక్తిగా) పనిచేసి రిటైరైన పొరుగు పెద్దాయన అడ్డుపడ్డారు. ఆయన తూటాలుండే మేగజైన్, వెనుక మూసే బోల్ట్ తీయించి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసుకున్నాకే ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప పట్టీ) మరలు విప్పారు. ముందు మర వెళ్లే రంధ్రంలో ఉండవలసిన చిన్న ఇనుప గొట్టం అక్కడ లేదు. మునుపెవరో విప్పినప్పుడు పోగొట్టి ఉంటారు. "ఇది లేనప్పుడు మర బిగించినకొద్దీ చెక్క నలుగుతుంది, వాన పడితే ఉబ్బుతుంది, మధ్యలో ట్రిగ్గర్ ఏం చేస్తుందండీ?" అన్నారాయన.

బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ నమూనాలో వచ్చిన ఈ పాత రైఫిళ్లలో సియర్ రైఫిల్ ఇనుప బాడీకి, ట్రిగ్గర్ మాత్రం కింది గార్డ్‌కు తగిలించి ఉంటాయి. రెండింటి మధ్య దూరాన్ని నిర్ణయించేది చెక్క. వానాకాలంలో వీధి తలుపు ఉబ్బి పట్టేసినట్టే ఈ చెక్కా ఉబ్బి, గార్డ్‌ను కిందికి నెట్టి, ట్రిగ్గర్‌ను సియర్‌కు దూరం చేస్తుంది. చెక్క కుంచించుకుపోతే అంతకన్నా ప్రమాదం, సియర్ పట్టు తగ్గిపోతుంది. బ్రిటిష్ వారు 1949లో తెచ్చిన నంబర్ 4 మార్క్ 2 అనే లీ ఎన్‌ఫీల్డ్‌లో ట్రిగ్గర్‌ను బాడీకే తగిలించడానికి కారణం ఇదే.

ఇక నూనె. చెక్కకు పూసే అవిసె నూనె ట్రిగ్గర్ మీదికి కారితే వార్నిష్‌లా గట్టిపడుతుంది, ఆ జిగురును చాలామంది తుప్పు అనుకుంటారు. పాత టూత్‌బ్రష్‌ను కిరోసిన్‌లో ముంచి, చెక్కకు తగలకుండా ట్రిగ్గర్‌ను, కనిపించినంత మేర సియర్‌ను కడిగి, నూలుగుడ్డతో పూర్తిగా తుడిచి, ట్రిగ్గర్ పిన్ను దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. కొబ్బరినూనె వద్దు. ఎక్కువ నూనె పోస్తే మంచిదన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన దురభిప్రాయం. అది దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయుధాలను అప్పగించమంటారు, నెలల తరబడి తడిగాలి తగిలే గదిలో పడి ఉన్నవి తిరిగి చేతికి వచ్చేసరికి తుప్పు చుక్కలతో వస్తాయి; అప్పగించే ముందు పైన పలుచగా నూనె పూసి ఇవ్వడం తప్ప లైసెన్సుదారు చేయగలిగింది లేదు.

అన్నీ బిగించాక, ఖాళీ రైఫిల్‌నే కాక్ చేసి (స్ట్రైకర్‌ను వెనక్కి పట్టించి), బోల్ట్‌ను పలుమార్లు గట్టిగా మూసి, మడమను (భుజానికి ఆనించే వెనుక చివరను) మందపాటి చాప మీద తట్టి చూడండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలి, తర్వాత సేఫ్టీ తీసి కూడా చూడండి. ట్రిగ్గర్ నొక్కకుండా స్ట్రైకర్ ఒక్కసారి జారినా, తూటా దగ్గరకు రానివ్వకుండా లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకే అప్పగించాలి. ఆయన సైతం సానరాయి తీస్తే వద్దనండి, ఎందుకంటే గట్టిపరిచిన పైపొర అరిగితే తిరిగి రాదు. అరిగిన సియర్‌ను మార్చమని అడగండి, ఆ ఇనుప గొట్టం ఉందో లేదో ముందు చూడమని చెప్పండి.